చంద్రుడి గదిలో మన నౌక పేరు లేదు

మా పద్మక్క బెంగళూరులో ఉపగ్రహాల ఇంజినీరు. చంద్రయాన్ మొదటి నౌక వేడికి పాడవకుండా చూసే జట్టులో పనిచేసింది. ఈ వేసవిలో అమెరికాలో, పార్సిప్పనీలోని మా ఇంటికొచ్చినప్పుడు ఆ కబుర్లన్నీ చెప్పింది. పదమూడేళ్ళ మా అమ్మాయి ఆద్య అవి విని, ఆ నౌక గురించి ఏదైనా చూపించమని పట్టుబట్టింది. పెన్సిల్వేనియాలో చిన్న అంతరిక్ష మ్యూజియం ఒకటి ఉందని తెలిసి, శనివారం పొద్దున్నే బయల్దేరాం.

ఇంటర్‌స్టేట్ ఎనభై హైవే మీద పడమరగా రెండు గంటల డ్రైవ్. డెలావేర్ నది దాటాక ఒకచోట ఆగి, వెంట తెచ్చుకున్న ఇడ్లీలు తిన్నాం. టికెట్ పెద్దలకి ఇరవై డాలర్లు, పార్కింగ్ ఉచితం. పదకొండింటి గైడెడ్ టూర్ అందులోనే కలిసి ఉంటుంది.

చంద్రుడి గది మేడ మీద ఉంది. చంద్రుడి మీద నీటి జాడ దొరకడం గురించి పెద్ద బోర్డు పెట్టారు. దాని నిండా ఆ జాడ పట్టిన అమెరికా పరికరం ఫొటోలే. అది ‘ఒక విదేశీ నౌక’ మీద వెళ్ళిందని కింద ఒక వాక్యం. గైడ్‌గా వచ్చిన పెద్దాయన కూడా అదే చెప్పి ముందుకు నడిచాడు.

ఆద్య బోర్డంతా చదివి అక్క వైపు తిరిగింది. “పెద్దమ్మా, ఇది మీ స్పేస్‌క్రాఫ్టేనా? ఇండియా అని ఎక్కడా లేదు. ఆర్ యూ ష్యూర్?”

అక్క ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పరికరం వాళ్ళదే, కాదనను. కానీ దాన్ని అంత దూరం మోసుకెళ్ళి చంద్రుడి చుట్టూ తిప్పింది మన నౌక. ఆ నౌక నుంచి విడిపోయి చంద్రుణ్ణి ఢీకొన్న మన పరికరం కూడా నీటి ఆనవాళ్ళు పట్టింది. ఇదంతా గైడ్‌కి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, క్షమించమని, అక్కతో చేయి కలిపి, ఇకనుంచి తప్పక చెబుతానన్నాడు. కిందకెళ్ళి మేనేజర్‌ని అడిగితే, బోర్డులో చోటు చాలలేదంది. మళ్ళీ రమ్మని ఉచిత పాసులు ఇవ్వబోయింది. ఒక్క దేశం పేరుకి చోటు లేని గదికి మళ్ళీ ఎందుకు రావాలని అడిగి, పాసులు అక్కడే వదిలేశాను.

“పోనీలేవే, పోదాం పా,” అంది అక్క. ఆద్య పైన మర్చిపోయిన బ్యాగ్ కోసం ముగ్గురం మళ్ళీ మేడెక్కితే, అదే పెద్దాయన తర్వాతి గుంపుకి అదే వాక్యం చెబుతున్నాడు. విదేశీ నౌక.

ఈసారి అక్క ఆగలేదు. గుంపు మధ్యనుంచి నడిచి బోర్డు పక్కన నిలబడింది. ఆ నౌక ఇండియాదని, తాను దానికి పనిచేశానని నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. అది ఏమైందని ఎవరో అడిగారు. రెండేళ్ళు పనిచేయాల్సిన నౌక వేడికి తట్టుకోలేక ఏడాదైనా నిండకుండానే మూగబోయిందని దాచకుండా చెప్పింది. అయినా అప్పటికే నీటి జాడ దొరికిందంది. ఆద్య వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. పెద్దాయన తల దించుకున్నాడు.

తిరుగు దారి పొడుగునా నా కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు. సముద్రాలు దాటి వచ్చిన మనిషి తన బతుకంతా చేసిన పనికి తానే సాక్ష్యం చెప్పుకోవాలా? గోడ మీద లేనిది జరగనే లేదనుకుంటారు పిల్లలు. నా కూతురే అనుకుంది.

మీరు వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి: టూర్ చివర ప్రశ్నలకి కాస్త సమయం ఇస్తారు. ఆ నౌక ఎవరిదని అందరికీ వినపడేలా అడగండి.