ఒక ఇంట్లో ఇద్దరు రన్నింగ్ బ్యాకులు

సౌదీ అరేబియా మొత్తం మీద అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ గురించి మా జేజికి తెలిసినంత ఇంకొకరికి తెలియదు. జెద్దాలో ఒక జట్టు ఆమె చెప్పిన నాలుగు మాటలు విని, ఒకరిని పంపించేసి, ఒకరిని ఉంచుకుని, ఆ ఏడు కప్పు గెలిచింది. ఆ కప్పు మూడు రోజులు ఆమె వంటింట్లోనే ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు తోమి, ఎర్రగడ్డలు పోసి పెట్టింది.

ఇంత తెలిసిన మనిషి ఆ ఆటను ఇంతవరకు ఒక్కసారి కూడా చూడలేదు. బంతిని పీచుకాయ అంటుంది.

ఆమె పేరు మహబూబ్బీ. ఊరు రాయచోటి పక్కన చిన్నమండెం. వయసు పాస్‌పోర్టులో యాభై ఎనిమిది, మోకాళ్ళలో డెబ్బై. ఇరవై రెండేళ్ళుగా జెద్దాలో ఒకే ఇంట్లో వంట చేస్తోంది. ఆమె పంపే జీతంతో ఇక్కడ ఇద్దరు మనవరాళ్ళు చదువుకుంటున్నారు. వాళ్ళలో ఒకతె బాగా చదువుతుంది.

ఆ ఇంటి పెద్దాయనను ఆమె బాబా అంటుంది. ఆమెకు వీసా ఇచ్చిన కఫీల్ ఆయనే. ఆయన కొడుకు బందర్. లడ్డూలు దొరికే మన బందరుకూ ఇతనికీ సంబంధం లేదు, అరబ్బుల్లో అది పెద్దింటి పేరు. జేజి ఆ ఇంటికి పోయేటప్పటికి అతనికి రెండేళ్ళు. ఆమెను 'ఉమ్మ్ ఖాజా' అని పిలుస్తాడు, ఖాజా వాళ్ళమ్మ అని. ఖాజా అంటే మా నాయన. ఆయన పేరు జెద్దాలో రోజుకు నలభైసార్లు వినిపిస్తుంది. ఆయన మాత్రం మదనపల్లె దాటి ఎప్పుడూ పోలేదు.

బందర్ చదువుకని అమెరికా పోయి, చదువు అక్కడే వదిలేసి ఆట పట్టుకొచ్చాడు. చదువు మధ్యలో వదిలేసేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గౌరవం. అతను తెచ్చిన ఆటలో కాలితో తన్నేది తక్కువ. బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరుగెత్తుతాడు, అతన్ని రన్నింగ్ బ్యాక్ అంటారు, అవతలివాళ్ళు అతని మీద పడతారు. పడకుండా ముందు అయిదుగురు లావుపాటి మనుషులు గోడలాగా నెట్టుకుంటూ పోయి దారి చేస్తారు. బందర్ తండ్రి డబ్బుతో ఒక జట్టు పెట్టాడు. శుక్రవారం ఆ జట్టుకు అన్నం ఈ ఇంట్లోనే. జేజికి వాళ్ళ పేర్లు తెలియవు. తిండిని బట్టి గుర్తుపెట్టుకుంది. లావుపాటి అయిదుగురూ కలిసి ఒక మేకను తింటారు కాబట్టి వాళ్ళు మంచివాళ్ళు. పరుగెత్తే ఇద్దరూ గుడ్డులో తెల్లసొన మాత్రం తిని లేస్తారు కాబట్టి వాళ్ళ సంగతి ఆమెకు అనవసరం.

వంటింట్లో జేజికి తోడు ఆశా. తాడేపల్లిగూడెం పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయి. ఆ పిల్ల ఒకరోజు పారిపోయింది. జిజాన్‌లో కుట్టు దుకాణంలో పని, రెండింతల జీతం అని ఎవరో ఫోనులో చెప్పారట. పొద్దున్నే గేటు తాళం తీసిచ్చింది ఇంకెవరో కాదు, జేజే. ఆశా రెండు రోజులు కాళ్ళావేళ్ళా పడితే కరిగింది. పైగా ఆమె లెక్కలో పారిపోవడమంటే సాయంత్రానికి ఇల్లు చేరడం.

ఎందుకంటే ఆమె కూడా ఒకసారి పారిపోయింది. వచ్చిన నాలుగో నెలలో, చీరలు ఒక బియ్యం సంచిలో కుక్కుకుని, పెద్దరోడ్డు మీది పండ్లరసం కొట్టు దాకా పోయింది. అక్కడ చెప్పు తెగింది. సాయంత్రం అసర్ నమాజు పిలుపు దాకా ఆ కొట్టు ముందు కూర్చుని, వెనక్కి నడిచొచ్చింది. బాబా గేటు తీసి సంచి వైపు చూశాడు.

"బియ్యమా?" అన్నాడు.

"బియ్యమే" అంది.

అంతే. ఆ సంచి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆశాకు అంత సుళువుగా జరగలేదు. జిజాన్‌లో కుట్టు దుకాణం లేదు. పదకొండు మంది పిల్లలున్న ఇల్లు, ఇంటి వెనక ముప్పై మేకలు ఉన్నాయి. తొమ్మిదో రోజు బస్సెక్కి, దారిలోనుంచి బందర్‌కు ఇంగ్లీషులో ఒక ముక్క పంపింది: 'సార్ ఐ రన్నింగ్ బ్యాక్ హౌస్.' బందర్ వంటింట్లోకి వచ్చి అది చదివి, ఫ్రిజ్జు పట్టుకుని నవ్వాడు. "ఇంట్లో కూడా ఒక రన్నింగ్ బ్యాక్" అన్నాడు. నవ్వెందుకో జేజికి అర్థం కాలేదు. సాయంత్రం ఆశా రాగానే అడిగింది.

"రన్నింగ్ బ్యాక్ అంటే ఏంది మే?"

"పారిపోయి తిరిగొచ్చినోళ్ళండి మామ్మగారూ" అంది ఆశా.

అయితే ఈ ఇంట్లో ఇద్దరున్నారు అనుకుంది జేజి. పైకి మాత్రం "చేతులు కడుక్కోని తిను" అంది.

ఈలోపల బాబా ఆశా మీద హురూబ్ రాయించేశాడు. పనిమనిషి పారిపోయిందని కఫీల్ పెట్టే కేసు అది. గడువులోగా ఆయనే రద్దు చేయకపోతే పోలీసులు పట్టుకుపోతారు, జైల్లో పెట్టి ఊరికి పంపేస్తారు, మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. గడువు గురువారం సాయంత్రం దాకా. ఇంటావిడ కూతురి కాన్పుకని రియాద్‌లో ఉంది. బాబా ఉంచుతాననీ అనడు, పొమ్మనీ అనడు. ఆశా అడుగుల చప్పుడు కాకుండా నడుస్తూ, అడగని గిన్నెలు కూడా తోముతూ, ఆయన నోటి వైపు చూస్తూ ఉంది.

సోమవారం అసర్ తర్వాత తండ్రీ కొడుకులు ముందుగదిలో, వాళ్ళ మజ్లిస్‌లో, కూర్చున్నారు. జేజి వాళ్ళ కాఫీ గహ్వా కూజాలో పోసుకుని, ఖర్జూరాలతో తీసుకుపోయింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జేజికి వచ్చింది వంటింటి అరబ్బీ. అందులో ఆడ, మగ తేడా లేదు. బాబానూ, బాబా భార్యనూ, పిల్లినీ ఒకే మాటతో పిలుస్తుంది. విన్నది కూడా అట్లాగే వింటుంది.

"ఇద్దరు రన్నింగ్ బ్యాకులు మనకెందుకు?" అంటున్నాడు బాబా.

జేజి చేతిలో కూజా ఆగింది.

"ఇద్దరూ మంచివాళ్ళే నాన్నా" అన్నాడు బందర్. "ఒకరికి దెబ్బ తగిలితే ఇంకొకరు ఉంటారు. ఇద్దరికీ మూడేళ్ళ ఒప్పందం రాసిద్దాం, అడిగినంత ఇచ్చి."

"ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు కూర్చోవాలి. కూర్చున్నందుకు అంత జీతమా?"

కిందటి నెలే వంటింట్లో తన కోసం ఒక ఎత్తుపీట వేయించుకుంది జేజి.

"పాత మనిషికి అనుభవం ఉంది."

"పాత మనిషికి మోకాళ్ళు లేవు. మొన్న మెట్లు దిగుతుంటే చూశాను. మూడేళ్ళ తర్వాత ఏం చేసుకుంటావు? అయినా పరుగెత్తడంలో ఏముంది గొప్ప? ముందు దారి తీసేవాళ్ళుంటే ఎవరైనా పరుగెత్తుతారు. ఇవ్వాలంటే దారి తీసినవాళ్ళకు ఇవ్వు, పెద్ద జీతం."

గేటు తాళం సంగతి కూడా ఈయనకు తెలిసిపోయింది, ఎగతాళి చేస్తున్నాడు అనుకుంది జేజి. గహ్వా పళ్ళెంలో పడింది, కప్పులో పడలేదు.

బందర్ నవ్వుతూ ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు ఉమ్మ్ ఖాజా. ఇద్దరు రన్నింగ్ బ్యాకులను పెద్ద జీతాలిచ్చి పెట్టుకోవాలా, వద్దా?"

జేజి కూజా కింద పెట్టింది. తాను పోతే చిన్నమండెంలో ఇద్దరి ఫీజు ఆగిపోతుందని ఆమెకు తెలుసు. ఆశా పోతే ఆ పిల్ల బతుకే ఆగిపోతుందని కూడా తెలుసు. అరబ్బీలో ఎట్లా అందో గానీ, మాకు చెప్పినప్పుడు ఇట్లా చెప్పింది:

"ఇద్దరొద్దు. ఒకరే చాలు. చిన్నదాన్ని పెట్టుకో. ఒకతూరి తప్పుదారిలో పరుగెత్తింది, ఇంగ పరుగెత్తదు. పాతదాన్ని పంపించు, టికెట్టిచ్చి మర్యాదగా పంపించు. మోకాళ్ళు పోయిన మాట నిజమే. చిన్నదాని రాతకోతలు ఈ వారమే సరిగా చెయ్. వారానికి ఒక దినం కూర్చోనీ, ఒక్కతే మోస్తే అదీ ఇరుగుతాది. తోడుకి మామూలు జీతంతో ఎవురినన్నా తెచ్చుకో. దావ తీసినోళ్ళను మాత్రం ఏమీ అనొద్దు. వాళ్ళు లేకుంటే ఎవురూ యాడికీ పోలేరు."

బాబా ఖర్జూరం గింజ చేతిలోకి ఉమ్మి, కొడుకు వైపు చూశాడు.

"నువ్వు జీతమిచ్చి తెచ్చుకున్న కోచ్ ఏడాదిలో ఇంత మాట చెప్పాడా?"

"లేదు" అన్నాడు బందర్.

"రాసుకో."

జేజి వంటింట్లోకి వచ్చి ఆశాతో "నీ పని అయింది, ఇంగ నువ్వు ఉండచ్చు. నేను పోతాండా" అని, పక్కనే ఉన్న తన గదిలో మంచం కిందనుంచి పెట్టె లాగింది.

"అదేంటండి మామ్మగారూ, మీరెళ్ళిపోతే నేనెలాగండి?" ఆశా ఏడవడం మొదలుపెట్టింది.

"ఏడిస్తే ఉప్పెక్కువైతాది, ఆ పప్పు మీద ఏడవొద్దు. ఇను. రాత్రి పండుకునే ముందర గ్యాస్ కట్టెయ్. బందర్‌కు మిరియాలంటే ఇష్టం లేదు, కనపడకుండా ఎయ్యాల. ఎవురన్నా ఫోన్ చేసి కుట్టు దుకాణం అంటే మేకలెన్ని అని అడుగు."

పెట్టెలో చీరలు, పాలపొడి డబ్బాలు, నొప్పుల నూనె సీసాలు, మనవరాళ్ళకు రెండు చేతి గడియారాలు పెట్టింది. మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. టికెట్ ఎవరూ ఇవ్వలేదు. హురూబ్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆశా తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోంది. గురువారం మధ్యాహ్నం జేజి ఇంక ఆగలేక, మజ్లిస్‌లో ఫోను చూసుకుంటున్న బందర్ ముందుకు పోయి నిలబడింది.

"టికెట్ యాడ?"

"ఎవరికి?"

"పాతదానికి."

"ఇచ్చాను కదా. ఈ సాయంత్రమే విమానం. పాపం, పొద్దున ఏడ్చాడు."

"ఎవురు ఏడ్చిండేది?"

"రన్నింగ్ బ్యాక్."

"రన్నింగ్ బ్యాక్ నేనైతే, ఎవురో ఏడ్చేదేంది?"

బందర్ ఫోను కింద పెట్టాడు. ఆమె మొదటినుంచి చెప్పుకుంటూ వచ్చింది. బియ్యం సంచి, తెగిన చెప్పు, గేటు తాళం, ఆశా, సోమవారం గహ్వా. అతను మొదట నవ్వాడు. సగంలో నవ్వు ఆపేశాడు. చివరికి "అంటే నువ్వు పంపించమన్నది నిన్నేనా?" అని అడిగాడు.

"మళ్ళా ఎవురిని?"

అతను ఆమెను వెంటబెట్టుకుని తండ్రి గదిలోకి పోయాడు. బాబా అంతా విన్నాడు. ఆయన ముఖంలో ఏమీ మారలేదు.

"తాళం నువ్విచ్చావా?"

"నేనే."

"తెలుసు. ఇంట్లో ఇంకెవరి దగ్గర ఉంది కనుక?" కళ్ళద్దాలు వెతుక్కుంటూ అన్నాడు, "ఆ బియ్యం సంచి సంగతి కూడా తెలుసు. ఇరవై రెండేళ్ళనుంచి చూస్తున్నాను, ఆ బియ్యం ఎప్పుడు వండుతావో అని."

హురూబ్ రద్దు చేసేది ఫోనులోనే. బాబా పాస్‌వర్డ్ కొట్టాడు, తప్పన్నది. మళ్ళీ కొట్టాడు, తప్పన్నది. మూడోసారి తప్పితే రేపటి దాకా తెరుచుకోదని బందర్ చెప్పాడు. రేపటికి గడువు లేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఆశా చేతిలో గిన్నె, గిన్నెలో గరిటె టకటకమని కొట్టుకుంటున్నాయి. జేజి పోయి ఆ గరిటె తీసి పక్కన పెట్టింది. బందర్ ఫోను తీసుకుని చూశాడు. ఆయన ఇంగ్లీషు పాస్‌వర్డ్‌ను అరబ్బీ అక్షరాల్లో కొడుతున్నాడు. మార్చి కొడితే తెరుచుకుంది. బాబా ఒక వేలితో ఒకచోట నొక్కాడు.

"అయింది. గహ్వా పెట్టమను" అన్నాడు. ఎవరిని పెట్టమన్నాడో చెప్పలేదు కాబట్టి ఇద్దరూ పరుగెత్తారు.

జేజి పెట్టె మంచం కిందికి పోయింది. తన మాట వల్ల ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పని పోయిందని ఆమెకు మాత్రం మనసులో పీకుతూనే ఉండింది. అతను విమానం ఎక్కేలోపలే మామిడికాయ ఊరగాయ సీసా ఒకటి పంపించింది. అతను దాన్ని ఎట్లా తిన్నాడో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత బందర్ చిన్నవాడిని ఉంచుకున్నాడు, వారానికి ఒకరోజు కూర్చోబెట్టాడు, తోడుకు మామూలు జీతం మనిషిని తెచ్చాడు, మిగిలిన డబ్బు లావుపాటి అయిదుగురికి పంచాడు. కప్పు వచ్చింది. పాత ఆటగాడి కోసం కొన్న మోకాలి పట్టీలు మిగిలిపోతే జట్టు డాక్టరు తెచ్చి జేజికిచ్చాడు. సరిగ్గా సరిపోయాయి.

ఇదంతా రాసి, మొన్న శుక్రవారం ఫోనులో ఆమెకు చదివి వినిపించాను. వెనక కుక్కరు కూస్తోంది, ఆశా ఏదో పాడుతోంది.

"బాగుందా జేజీ?"

"ఉండాది. నువ్వు పదో తరగతి ఎన్నితూర్లు తప్పినావు?"

"రెండే."

"మీ చెల్లెలు సుల్తానా సంగతేంది?"

"దానికి ఇంటర్‌లో ఫస్టొచ్చింది."

"అయితే ఇద్దరికీ ఫీజు కట్టేది దండగ. చిన్నదాన్ని పెట్టుకుంటా. నువ్వు పోయి మండీలో టమోటాలు ఏరుకో."