నేను ముట్టని బల్బు

మా ఆయిన పోయి శానేండ్లైంది. మోచేతి కింద ఆయిన చేసిన మచ్చ మాత్రం పోలే.

మిల్లుల పనోడు. డ్యూటీ దిగిండంటే హసన్‌పర్తిల మా ఇల్లంత రేడియో దుకాణమే. వరంగల్ పోయి విడి సామాన్లు తెచ్చేది, సోల్డరింగ్ రాడ్ తోని అతికేది, పాటల పెట్టె చేసేది. దానికి కరెంటు తగ్గించి ఇయ్యనీకి చిన్న డబ్బ ఒకటుండె. ఎలిమినేటరు అనేటోడు.

పెట్టె నాలుగు రోజులు పాడేది, కాలేది. కాలినప్పుడల్ల నా ఈపు పగిలేది.

ఎందుకు? మా అత్త చెప్పింది. "బయటున్న ఆడిది ముట్టింది బిడ్డా, మాడదా మరి?" నెలల ఆ మూడు రోజులు నేను అర్రల మూలకు కూసునేది. ఆయిన బల్ల గూడ అండ్లనే. ఓపాలి చెంప మీద, ఓపాలి బెల్టుతోని. ఓపాలి వేడి రాడే ఇసిరిండు.

మూలకు కూసున్నదానికి ఏం పని? బల్బును చూసేదాన్ని. చుట్టుముట్టు బాయిల కాడ మోటర్లు నడుస్తాంటే అది ఎర్రగ, పాణం పోతున్నట్టు. మోటర్లన్ని ఒక్కపారి బందైతె కరెంటు ఎక్కువొచ్చి తెల్లగ, కండ్లు మండేటట్టు. పెట్టె కాలేది గప్పుడే. నేను ముట్టినా, ముట్టకున్నా.

ఓనాడు పొద్దుగాల ఆయిన కొత్త పెట్టెకు తీగె కలుపుతాండు. నేను బయటున్న, మూలకు కూసున్న. అత్త గడప అవతల నుంచి, "దాన్ని ఎల్లగొట్టురా, మళ్ల కాలబెడ్తది" అన్నది. ఆయిన లేచి నా ఎంట్రుకలు గుంజిండు. నేను కాలుతున్న రాడ్ అందుకున్న.

"చెయ్యి తియ్. మొఖం కాలుస్త."

తీసిండు.

"ఆ డబ్బ ఇడిచిపెట్టు. టార్చిలైటు సెల్లులు పెట్టు."

పెట్టిండు. పెట్టెను నా ఒళ్లె ఏసుకున్న. పాడింది.

"థూ! మైలపడ్డది" అన్నది అత్త.

"మైలపడ్డా మంచిగనే పాడుతాంది గదా అత్తా!"

ఇంతల బాయిల కాడ మోటర్ల సప్పుడు ఆగింది. బల్బు తెల్లగైంది, ఫట్‌మని పగిలింది. గాజు పెంకులు మా నెత్తిన పడ్డయ్. గోడకున్న ఎలిమినేటరు నుంచి పొగ.

"గంత ఎత్తుల బల్బును గూడ నేనే ముట్టిన్నా?"

ఆయిన రోకలి తెచ్చి ఎలిమినేటరును పిండి పిండి చేసిండు. దెబ్బ పడ్డప్పుడల్ల నా ఈపు ముడుసుకున్నది.

ఆయిన అన్నం తిని డ్యూటీకి పోయేదాక రాడ్ నా చేతులనే ఉండె. ఎప్పుడో సల్లారింది. అయినా నేను ఇడువలే.