పార్వతిగారు ఒప్పుకున్న తప్పు

కరెంటు పోయి యూపీఎస్ కీచుమంటే చాలు, ఇప్పటికీ నాకు పార్వతిగారే గుర్తొస్తారు. విజయనగరంలో ఓ బట్టల కొట్టు మేడ మీద వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసు ఆవిడది. ఆ కూత వినగానే, ముందు సేవ్ చెయ్యండి, తరవాత కంగారు పడుదురుగాని అని కేకేసేవారు. పాతపట్నం కిరాణా వ్యాపారుల ఇంటి ఆడపడుచు. మాట కరుకు. ఆవిడంటే నాకు భయమూ ఉండేది, ఇష్టమూ ఉండేది.

నేను చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో వెళ్లేదాన్ని. చేరిన కొత్తలో ఎండుచేపల వ్యాపారం చేసే నూకమ్మగారి సైటు నా చేతిలో పెట్టి, అది తేలితే ఉద్యోగం ఖాయమన్నారు. తేలితేగా! కొనేవాళ్లు పేరు చెప్పి లోపలికొచ్చి, సైటులోని బుట్టలో నెత్తళ్ల చేపలు వేసుకుని, తరవాతి పేజీకి వెళ్లేసరికి బుట్ట ఖాళీ. పైగా మళ్లీ పేరు అడిగేది. ఆ వివరాలు గుర్తుపెట్టుకోవాల్సిన సెషన్ ఎక్కడో చెరిగిపోతోంది. ఎంత వెతికినా దొరకదే! మధ్యాహ్నం వస్తానని నూకమ్మగారి కబురు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పార్వతిగారు నా వెనక నిలబడి కాసేపు చూశారు. వాళ్ల కొట్లో వస్తువు కనబడకపోతే వాళ్ల నాన్నగారు వెతకనిచ్చేవారు కాదట. అర మొత్తం దింపించి, ఒక్కొక్కటే మళ్లీ సర్దించేవారట.

"నువ్వూ అన్నీ తీసెయ్. ఒట్టి పేజీ ఉంచి, ఒక్కోటీ ఎక్కించి సూడు. ఎక్కడ పోతన్నాదో తెలుస్తాది" అన్నారు.

మా పేజీలన్నీ ఒకదాని లోపల ఒకటి అమర్చిన టెంప్లేట్లు. పైన సైటు పేరూ మెనూ ఉండే పెద్దది, దాని లోపల చిన్నది, అందులో అసలు పేజీ. అన్నీ తీసేశాను. ఒట్టి పేజీలో బుట్ట నిక్షేపంగా ఉంది. పెద్దది ఎక్కించాను, ఉంది. లోపలిది ఎక్కించాను, హుష్‌కాకి. ఆ ఫైలు తెరిచి చూద్దును కదా, మొదట్లోనే పాత సెషన్ తుడిచెయ్యమని ఒక లైను. రాసినవారి పేరు, పార్వతి!

ఉద్యోగం ఇవ్వాల్సిన మనిషితో, తప్పు మీదేనండీ అని ఎలా చెప్పను? గుట్టుగా ఆ లైను తీసేసి ఊరుకుందామా అనుకుంటుండగానే నూకమ్మగారు మెట్లెక్కి వచ్చేశారు. ఆవిడ ముందే పార్వతిగారు అడిగారు.

"ఏటమ్మా, దొరికినాదా?"

తెర వైపు వేలు చూపించాను.

పార్వతిగారు వంగి చదివారు. ఇంటర్నెట్ సెంటర్ల రోజుల్లో రాసిందట అది. ఒకరు లేచాక ఇంకొకరు అదే కంప్యూటర్ ముందు కూర్చుంటే మొదటివారి వివరాలు కనబడకూడదని, మొదటి పేజీకి మాత్రమే పెట్టారట. ఇప్పుడు ప్రతి పేజీనీ దాని లోపలే ఉంచాం కనక, పేజీ మారినప్పుడల్లా తుడిచేస్తోంది. ఈ సంగతి నాకు నెమ్మదిగా చెప్పి, నూకమ్మగారి వైపు తిరిగారు.

"తప్పు నాదేనమ్మా. పట్టుకున్నాది ఈ పిల్ల. ఇకమీద మీ సైటు తనే సూస్తాది."

నేను లైను తీసేశాక, నూకమ్మగారు బుట్టలో నెత్తళ్లు వేసి, పేజీ మార్చి, ఉన్నాయని చూసుకుని నవ్వారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

తరవాత చాలా ఆఫీసులు చూశాను. తప్పు ఎవరిదో తేలేలోపు అందరూ బిగుసుకుపోవడమూ చూశాను. ఇప్పుడు నా దగ్గరా కొందరు పిల్లలు పనిచేస్తున్నారు. మొన్న వాళ్లలో ఒకమ్మాయి వచ్చి, ఏ తడబాటూ లేకుండా, "మేడమ్, ఇది మీరు రాసిందే, తప్పుంది" అంది. ఎంత పొంగిపోయానో! నాకు భయపడకుండా ఆ మాట అనగలిగిందంటే, పార్వతిగారి దగ్గర నేను పని నేర్చుకున్నట్టే.