లారీ ముందు సీట్లో

ఆమెను మొదటిసారి మా మిరపచేలో చూశాను. తొంభైల చివర్లో సంగతి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, టీచరు ట్రైనింగ్ పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. ఏటా కోతల కాలంలో పొదిలి మెట్ట ఊళ్ళ నుంచి ఆడకూలీలు మా వైపు వచ్చేవాళ్ళు. ఆ ఏడు వచ్చిన ముఠాకు ఆమే మేస్త్రి. నాకన్నా రెండేళ్ళు పెద్ద. ముప్పైమందిని ఒక్క కేకతో నడిపేది.

నాన్న నన్ను కోత చూసుకోమని పంపాడు. ఊరికే గట్టు మీద నిలబడటానికి సిగ్గేసి నేనూ ఒక సాలు పట్టుకున్నాను. మధ్యాహ్నానికి చేతులు భగభగ మండిపోయాయి. నీళ్ళలో ముంచబోతుంటే ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"నీళ్ళు పోస్తే ఇంకా మండుద్ది అమ్మాయిగారూ. ఇటివ్వండి."

తన సంచీలోంచి కొబ్బరినూనె సీసా తీసి ఒక్కో వేలికీ రాసింది. మంట తగ్గాక కూడా నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె కూడా వదల్లేదు.

మరుసటి ఏడు కోతల కోసం పదినెలలు ఎదురుచూశాను. ఆమె లారీ దిగుతూ నాకోసం చుట్టూ వెతకడం చూశాను. ఆ వారంలోనే, పాకలో ఖాళీ గోతాల మీద కూర్చుని, "నన్ను మీరు అనొద్దు," అన్నాను.

"మీ నాన్న వింటే మా ముఠాని మళ్ళీ పిలవడు."

"వినడులే."

"సరే, నువ్వు," అంది. అని నా భుజానికి తల ఆన్చింది. మేం ఒకరికొకరం ఏమవుతామో చెప్పే మాట మాకు తెలియదు. ఆ మాట లేదని మేమేమీ ఆగలేదు.

మూడో ఏడు నాకు సంబంధం చూశారు. ఆ నెలలోనే పొదిలి దగ్గర ఒక బళ్ళో ఉద్యోగం కూడా వచ్చింది. పెళ్ళిచూపుల ముందురోజు పొద్దున అమ్మానాన్నలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "నేను పెళ్ళి చేసుకోను. మన చేలో కోతకొచ్చే మేస్త్రితో ఉంటాను. స్నేహంగా కాదు, మీరిద్దరూ ఉన్నట్టు."

అమ్మకు అర్థం కాలేదు. నాన్నకు అర్థమైంది.

"కూలిదానితోనా?" అన్నాడు.

ఆయన్ని ఎక్కువ కోసింది ఆమె ఆడమనిషి కావడమో, కూలిమనిషి కావడమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజే బట్టలు సర్దుకుని పదిగంటల బస్సెక్కాను. అమ్మ వీధి చివరిదాకా వచ్చింది. నాన్న రాలేదు.

పొదిలిలో రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. నేను బడికి వెళ్ళేదాన్ని, ఆమె ముఠాను కోతలకు తీసుకెళ్ళేది, మా ఊరికి తప్ప. ఆమె వండితే నేను గిన్నెలు తోమేదాన్ని. తోమడం రాదని తిట్టి, మళ్ళీ తోమేది. కొందరు అక్కచెల్లెళ్ళనుకున్నారు, కొందరు ఇంకేదో అనుకున్నారు. నాలుగేళ్ళు నిశ్చింతగా గడిచాయి.

అయిదో ఏడు మిరప అందరి చేలల్లో ఒకేసారి పండింది. పైగా వాన వస్తుందని రేడియోలో చెబుతున్నారు. ఎంత తిరిగినా కూలీలు దొరకడం లేదు. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం నాన్న మా గుమ్మం ముందు నిలబడ్డాడు. చిక్కిపోయాడు. నావైపు చూడలేదు. ఆమె కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని కాసేపు చూసి, మొత్తం తాగేశాడు.

"మీ ముఠా ఖాళీగా ఉందా?" అని ఆమెను అడిగాడు.

"ఉంది. నలభైమందిమి వస్తాం. కూలి అందరూ ఇచ్చేదే ఇవ్వండి. ఒక్క మాట మాత్రం ఉంది."

"చెప్పు."

"మీ అమ్మాయీ నేనూ కలిసి వస్తాం. దొడ్డిదారిన కాదు, వీధి గుమ్మంలోంచి. మీ హాల్లో పక్కపక్కన కూర్చుని అన్నం తింటాం. ఎవరన్నా అడిగితే మీరు చెప్పినా చెప్పకపోయినా మీ ఇష్టం. అబద్ధం మాత్రం చెప్పొద్దు."

నాన్న తల వంచుకుని ఖాళీ గ్లాసు నేలమీద పెట్టాడు. "కాయ తడిస్తే ఏడాది కష్టం పోద్ది," అన్నాడు.

"తెలుసు మావయ్యగారూ."

పెద్దవాళ్ళను ఎవరైనా అలా పిలవొచ్చు. కానీ ఆమె ఎలా పిలిచిందో ఆయనకు తెలుసు. తలెత్తి ఆమెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి.

"రేపు పొద్దున్నే లారీ పంపిస్తా," అన్నాడు లేస్తూ. "మీరిద్దరూ ముందు సీట్లో కూర్చోండి. వెనకాల దుమ్ము."

పంట కోసమే వచ్చాడని నాకు తెలుసు. అయినా వచ్చాడు.

లారీ ఊళ్ళో నాన్న ఇంటిముందు ఆగినప్పుడు జనం అరుగుల మీదికొచ్చారు. మేమిద్దరం దిగి వీధి గుమ్మంలోంచే లోపలికి వెళ్ళాం. అమ్మ హాల్లో రెండు కంచాలు పెట్టి, గోంగూర వేసి, ఇద్దరికీ సమంగా నెయ్యి వడ్డించింది. పక్కింటి పెద్దమ్మ తలుపు దగ్గరే నిలబడి ఆమెకేసి చూస్తూ అడిగింది. "ఎవరీ పిల్ల?"

నేను ముద్ద కలపడం ఆపాను. నాన్న తువ్వాలు భుజాన వేసుకుంటూ, "మా అమ్మాయి మనిషి," అన్నాడు. పెద్దమ్మ ఇంకేదో అడగబోయింది. ఆయన అప్పటికే చేనికి బయల్దేరాడు.

నాలుగు రోజుల్లో కోత అయిపోయింది. అయిదో రోజు సాయంత్రం కళ్ళం మీద కాయ ఎర్రగా పరుచుకుని ఉండగా గాలి మొదలైంది. నలభైమంది ఆడవాళ్ళు కాయను గుట్టలు చేశారు. పైన కప్పే పట్టా ఒక కొస నాన్న పట్టుకున్నాడు, ఎదురు కొస ఆమె పట్టుకుంది.

"అట్టా కాదు, కిందకి లాగు," అని నాన్న అరుస్తున్నాడు.

"ముందు మీ వైపు రాయి పెట్టండి, లేస్తంది," అని ఆమె అంతకన్నా గట్టిగా అరిచింది.

నాన్న మారు మాట్లాడకుండా రాయి పెట్టాడు. వాన పట్టా మీద దడదడా కురిసింది. కింద ఒక్క కాయ తడవలేదు. నేను నిలువునా తడిసిపోయి, వాళ్ళిద్దరినీ చూస్తూ నవ్వుతూ నిలబడ్డాను.