మావయ్య కడుపుకి కాపలా

ఆ రోజుల్లో నాకు రెండు చెవులూ బాగానే పనిచేసేవి గానీ, చేతిలో ఫోన్ ఉంటే మాత్రం రెండూ కలిసి సెలవు పెట్టేవి. గవర్నర్‌పేటలో డాక్టరమ్మ గారు మా మావయ్య మందు గురించి ఓపిగ్గా చెబుతున్నంతసేపూ నేను బల్ల కింద మ్యాచ్ స్కోరు చూస్తూ కూర్చున్నాను. అది నా మొదటి తప్పు. ఆ తర్వాత ఒక అబద్ధం ఆడాను, అది రెండోది. తప్పులు నావైనా వాటి ఫలితం అనుభవించింది మాత్రం మావయ్య.

మావయ్యకి వన్‌టౌన్‌లో చీరల హోల్‌సేల్ కొట్టు ఉండేది. డిగ్రీ అయ్యాక ఎక్కడా ఉద్యోగం దొరక్క, దొరికినచోట నేను కుదురుగా ఉండక, చివరికి అమ్మ నన్ను తన తమ్ముడైన ఈ మావయ్య కొట్లో పడేసింది. అప్పటికే మావయ్యకి కాళ్ళ బాధ మొదలైంది. కాస్త దూరం నడిస్తే చాలు, పిక్క పట్టేసేది. ఆగి నిలబడితే తగ్గేది. మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేసేది. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వకూడదని ఆయన పట్టుదల. అందుకని నొప్పి వచ్చినచోట ఆగి, ఎదురుగా ఏ కొట్టుంటే ఆ కొట్లో బేరం మొదలెట్టేవాడు. బేరమాడాక కొనకపోతే మర్యాద కాదు కదా! కొట్టు నుంచి స్కూటర్ పెట్టే చోటికి వెళ్ళే దారిలో ఆయన పిక్క సరిగ్గా ఎలకబోనుల కొట్టు ముందు పట్టేసేది. చివరికి జబ్బు కనిపెట్టింది అత్తయ్యే. "ఈ ఇంట్లో ఎలకలకంటే బోనులే ఎక్కువయ్యాయి. మనిషికి పిచ్చైనా పట్టుండాలి, కాలైనా పట్టుండాలి," అని ఒక రోజు ఆయన్నీ నన్నూ కలిపి ఆటో ఎక్కించింది.

కాళ్ళకి రక్తం తీసుకెళ్ళే నాళాలు సన్నబడ్డాయని డాక్టరమ్మ గారు తేల్చారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఈ మందు ఇవ్వరట, ముందు ఆ పరీక్ష కూడా చేయించి, బాగానే ఉందన్నాకే మాత్ర రాశారు. "చుట్ట మానెయ్యాలి. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి. మాత్ర పొద్దునొకటి, రాత్రొకటి. తినడానికి అరగంట ముందు వేసుకోవాలి, లేదా తిన్న రెండు గంటల తర్వాత," అన్నారు. ఇంతవరకూ విన్నాను. సరిగ్గా అప్పుడే మనవాళ్ళ వికెట్ పడింది. తర్వాత ఆవిడ ఇంకేదో చెప్పారు, నేను తలూపాను. (తలూపడంలో నాకు చిన్నప్పటి నుంచీ మంచి అనుభవం ఉంది. బళ్ళో పంతుళ్ళంతా దానికే మోసపోయారు.) మావయ్య వినలేదా అంటే, చుట్ట మానెయ్యాలన్న మాట దగ్గరే ఆయన మనసు ఆగిపోయింది. దుఃఖంలో ఉన్న మనిషికి మిగతా మాటలెలా వినిపిస్తాయి?

"రాత్రి మాత్ర సంగతి నేను చూసుకుంటాను. పొద్దుటిది నీ బాధ్యత. మాత్ర వేసుకున్నాక అరగంట ఆయన నోట్లో ఏదీ పడకూడదు," అని అత్తయ్య నన్ను మావయ్య కడుపుకి కాపలా పెట్టింది. చిన్న పనేగా అనుకుంటారు. వన్‌టౌన్‌లో అది చిన్న పని కాదు. పొద్దున్నే ఊళ్ళ నుంచి బేరానికి వచ్చిన షావుకారుతో కలిసి టిఫిన్ తిన్నాకే చీర మడత విప్పాలి. తినకుండా మొదలుపెడితే దాన్ని బేరం అనరు, తగాదా అంటారు. మందు వేసుకున్నాడని చెప్పేద్దామంటే మావయ్య ఒప్పుకోడు. "ఒరేయ్ అల్లుడూ, నాకు జబ్బని పొద్దున తెలిస్తే సాయంత్రానికి కొట్టు అమ్మేస్తున్నానంటారు. ఆ మాట మాత్రం బయటికి రానీకు," అని ఒట్టు వేయించుకున్నాడు. మామూలు రోజుల్లో ఏదో ఒకటి చెప్పి, కొత్త రకాలు చూపిస్తూ అరగంట నెట్టేసేవాణ్ణి. బుధవారం మాత్రం నా వల్ల కాలేదు. బుధవారాలు పామర్రు షావుకారు గారు వచ్చేవారు. ఆయన మొదటి బస్సు దిగి, దారిలో పెసరట్టు ఉప్మా కట్టించుకుని, వేడి చల్లారకముందే మా కొట్లో పరుపు మీదికి చేరేవారు.

మొదటి బుధవారం మావయ్య అప్పుడే మాత్ర మింగి మూతి తుడుచుకుంటున్నాడు. షావుకారు గారు పొట్లం విప్పారు. అల్లం, జీలకర్ర వాసన గుప్పుమంది. మావయ్య చెయ్యి తనంతట తానే ముందుకు సాగింది.

"మావయ్య తినడండీ! ఇవాళ ఉపవాసం!" అని అరిచాను.

షావుకారు గారు ఆశ్చర్యపోయారు. "బుధవారం ఉపవాసమేంటి బాబూ? ఏ దేవుడికి?"

ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు. ఎదురుగా గల్లాపెట్టె మీద బొజ్జ గణపతి పటం కనిపించింది. "వినాయకుడికండీ," అన్నాను. మూడు లోకాల్లోనూ తిండి దగ్గర రాజీ పడని దేవుడు ఆయనొక్కడే. పోయి పోయి ఆయన పేరు మీద ఉపవాసం పెట్టాను.

"ఏంటండీ, నిజమేనా?" అన్నారు షావుకారు గారు.

మావయ్య పెసరట్టు వంక చూశాడు, నా వంక చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. "అంతా స్వామి దయ," అన్నాడు. ఆ గొంతులోని బాధని షావుకారు గారు భక్తి అనుకున్నారు.

అంతే, బుధవారం ఉపవాసానికి తిరుగులేకుండా పోయింది. అరగంట తర్వాత తినొచ్చు గానీ ఉపవాసం అరగంటలో ఎలా ముగుస్తుంది? మావయ్య వెనక గోడౌన్‌లో చీరల బేళ్ళ మధ్య కూర్చుని దొంగతనంగా పూరీలు తింటుంటే నేను తలుపు దగ్గర నిలబడి దగ్గేవాణ్ణి. (ఒక దగ్గుకి నమలడం ఆపాలి, రెండు దగ్గులకి మింగెయ్యాలి.) "ఈ రకం చీర ఉల్లిపాయ వాసనొస్తోందేంటండీ?" అని ఒకావిడ అడిగితే, "కొత్త రంగండీ, ఉతికితే పోతుంది," అన్నాను. వీధిలో అందరూ మావయ్య భక్తిని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. మందు మాత్రం పనిచేస్తోంది. నడక సాగుతోంది, చుట్ట తగ్గింది. కొన్నాళ్ళకి మావయ్య ఎలకబోనుల కొట్టు ముందు ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆ కొట్టాయన బయటికొచ్చి, "ఏవండీ, మా మీద ఏమైనా కోపమా?" అని అడిగాడు కూడా.

ఇంతలో పంపరపనస కాపు వచ్చింది. షావుకారు గారు ఒక బుధవారం తమ దొడ్లో కాసినవి గోతాం నిండా తెచ్చి పరుపు మీద కుమ్మరించారు. "ఉపవాసంలో పండు తిన్నా తిననట్టే లెక్కండీ," అంటూ తన చేత్తో తొక్క ఒలిచి, తొనలు విడదీసి పెట్టారు. మావయ్య నా వంక చూశాడు. అరగంట దాటిందిగా అని నేను దర్జాగా తలూపాను. ఇన్నాళ్ళకి దొరలా, అందరి ఎదుటా తినే అవకాశం దొరికిందని ఆయన మధ్యాహ్నం దాకా తొన తర్వాత తొన తింటూనే ఉన్నాడు.

షావుకారు గారిని సాగనంపడానికి ముగ్గురం బయల్దేరాం. ఎలకబోనుల కొట్టు దాకా వచ్చి మావయ్య ఆగిపోయాడు. "అల్లుడూ, గుండె దడదడలాడుతోందిరా. తల పగిలిపోతోంది," అంటూ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. ముఖమంతా చెమటలు. కొట్టాయన మాత్రం సంతోషంగా, "పెద్దదా అండీ, చిన్నదా?" అని రెండు బోనులు తెచ్చాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు వస్తోంది గానీ, అప్పుడు మావయ్య చెయ్యి పట్టుకుంటే నాడి పిట్టలా కొట్టుకుంటోంది.

నేనూ షావుకారు గారూ ఆయన్ని ఆటోలో తీసుకెళ్తే, డాక్టరమ్మ గారు నాడి చూసి, ఈసీజీ తీయించారు. "పొద్దుటి నుంచి ఏం తిన్నారు?" అని అడిగారు.

"ఏం తింటారమ్మా, ఉపవాసం కదా! నీరసమే అయ్యుంటుంది. ఒక సెలైన్ పెట్టించండి," అన్నారు షావుకారు గారు చేతులు జోడించి. మావయ్య కళ్ళతోనే నన్ను బతిమాలాడు. పరువు అంటే ఆయనకి ప్రాణం. ఆయన ప్రాణం అంటే నాకు... ఒట్టు గుర్తొచ్చింది. ఆ కాసేపు నిజం దాచానే, ఇప్పటికీ నన్ను కుట్టేది అదే. ఆవిడ ఈసీజీ కాగితం మీది గీతలు చూసి నుదురు ముడిచేసరికి భయం ఒట్టుని గెలిచింది.

"ఉపవాసం అబద్ధమండీ. నేనే కల్పించాను. మావయ్య గోడౌన్‌లో పూరీలు తిన్నాడు. బంగాళాదుంప కూర కూడా," అని ఏడుపు గొంతుతో అంతా కక్కేశాను.

ఆవిడ విసుక్కున్నారు. "పూరీలకి ఇలా అవదు. ఇంకేమైనా తిన్నారా?"

"ఇంకేం లేదండీ. పంపరపనస అంతే."

ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "ఆ పండు వద్దని ఆ రోజు మరీ మరీ చెప్పాను కదా! అది తింటే ఈ మందు ఒంట్లో ఎక్కువైపోతుంది. నువ్వు తలూపావు కూడా!"

వికెట్ పడ్డప్పుడు నేను పోగొట్టుకున్న మాట అది.

సాయంత్రం దాకా మావయ్యని అక్కడే ఉంచి చూశారు. దడ తగ్గింది, ప్రమాదం లేదన్నారు. ప్రస్తుతానికి మాత్ర ఆపమని, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో తానే చెబుతానన్నారు. "మొదలెట్టాక మీ అంతట మీరు మానొద్దు, పెంచొద్దు. ఇంకో మందు ఏది వాడినా నాకు చెప్పి వాడండి," అన్నారు. ఇవన్నీ నేను రెండేసి సార్లు తిరిగి అప్పజెప్పాను. మూడోసారి మొదలెడితే, "చాలు బాబూ," అన్నారు.

బయట బల్ల మీద షావుకారు గారు తల పట్టుకుని కూర్చున్నారు. నేను వెళ్ళి కాళ్ళ మీద పడబోయాను. ఆయన కోపంగా లేరు, దిగులుగా ఉన్నారు.

"అబద్ధమాడితే ఆడావు గానీ, మీ మావయ్యని చూసి నేను కూడా బుధవారాలు ఉపవాసం ఉంటున్నానయ్యా! నిజంగా! గోడౌన్ లేకుండా!" అన్నారు. లోపలి నుంచి మావయ్య నవ్వు వినిపించింది. ఆ నవ్వు విన్నాకే నాకు ఊపిరి ఆడింది.

తర్వాతి బుధవారం తెల్లారేసరికి నేనే పెసరట్టు ఉప్మా పొట్లాలు కట్టించుకుని పామర్రు వెళ్ళాను. ఆయన పొట్లాన్ని ప్రేమగా వాసన చూసి, పక్కన పెట్టేశారు. "మొక్కుకున్నాను బాబూ. ఇప్పుడు మానితే స్వామి ఊరుకుంటాడా?" అన్నారు. నా అబద్ధం వల్ల ఆయన పస్తుంటే నేనెలా తింటాను? ఆ రోజు నేనూ తినలేదు. అప్పటి నుంచి ఏ బుధవారమూ పొద్దున తినలేదు.

ఇప్పుడు మావయ్య కాలవగట్టు మీద చాలా దూరం ఆగకుండా నడుస్తాడు, నేను పక్కనే నడుస్తాను. డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళే ముందు నా ఫోన్ అత్తయ్య చేతిలో పెట్టేస్తాను. మా కొట్లో ఎవరొచ్చినా, "మావయ్య మందు వేసుకున్నాడండీ, అరగంట ఆగుదాం," అని గట్టిగా చెబుతాను. కొట్టు అమ్మేస్తున్నామని ఇంతవరకూ ఎవరూ అనలేదు. బుధవారం అరగంట అవ్వగానే మావయ్య నా ఎదురుగా కూర్చుని, పెసరట్టు మీద ఉప్మా సర్దుకుంటూ, "అంతా స్వామి దయరా అల్లుడూ," అంటాడు. నేను కళ్ళు మూసుకుంటాను. చూసినవాళ్ళు భక్తి అనుకుంటారు.