దెయ్యం వేషగాడి సంతకం

ఆ కబురు ముందు మోసుకొచ్చింది చిల్లకల్లులో ఉండే మా తోడికోడలు. ఆమె నందిగామ కాలేజీలో పాఠాలు చెబుతుంది. పోయిన నెల జగ్గయ్యపేటలో మా ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "అక్కా, మీ దెయ్యం నందిగామ వస్తున్నాడు! ఏదో పుస్తకం రాశాడంట, మా కాలేజీలో సంతకాలు పెడతాడంట" అంది. నా చేతిలోని కుంకుమ భరిణె కింద పడలేదు గానీ, పూజలో ఏ నామం దగ్గర ఆగానో మరిచిపోయాను. స్వామి క్షమించే ఉంటాడు.

ఆ నటుడు సినిమాల్లో వేసింది ఒకే ఒక్క పెద్ద వేషం, చీకటంటే భయపడే దెయ్యం. నవ్వాలో జడవాలో తెలియక జనం అప్పట్లో ఆ సినిమాను వారం కూడా ఆడనివ్వలేదట. ఇప్పటి పిల్లలు దాన్ని ఫోన్లలో వెతికి పట్టుకుని, మాటలన్నీ కంఠస్థం చేశారు. నేను మాత్రం ఆ సినిమా చూడలేదు. ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు, మా ఇంట్లో సినిమాలకు వెళ్లే అలవాటూ లేదు. నాకు అక్షరాలు నేర్పింది మా మేనత్త. పక్కింటివాళ్లు సినిమా చూసొచ్చి పారేసే పాటల పుస్తకాలను అడిగి తెచ్చేది. నాలుగు మూలలా పసుపు రాసి, కళ్లకద్దుకుని, అప్పుడు తెరిచేది. "సినిమా మనకొద్దు గానీ, అక్షరం ఎక్కడున్నా సరస్వతే" అనేది. వాటిలో కథ సగం చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఆపేసేవారు. ఆ సగం నేను రాయాలి, అదీ నా పాఠం. ఈయన సినిమా పాటల పుస్తకంలో, దెయ్యం ఉండే పాడింట్లోకి ఒక మాస్టారు లాంతరు పట్టుకుని అద్దెకు దిగడంతో కథ ఆగింది. 'దెయ్యం దీపం దగ్గర కూర్చుని చదువు నేర్చుకుంది' అని నేను పెన్సిలుతో పూర్తిచేశాను. అత్త చదివి, "నీకు వెండితెర దేనికే, పెన్సిలు చాలు" అంది. ఆ వాక్యం కింద ఆయన చేత అత్త పేరు రాయించాలన్నది నా కోరిక.

ఆ రోజు నందిగామ కాలేజీలో వరుసలో అందరూ నా పిల్లల వయసువాళ్లే. ఆయన ఒక్కొక్కరినీ ఏ సీను ఇష్టమని అడుగుతున్నాడు. నా వంతు వచ్చింది. అబద్ధం నోట రాలేదు.

"నేను సినిమా చూడలేదండి."

"మరి లైన్లో ఎందుకున్నారాంటీ?" అంది వెనకనున్న అమ్మాయి. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆయన రాసిన కొత్త పుస్తకంలో దాచి తెచ్చిన ఆ పాటల పుస్తకాన్ని చేతికిచ్చి, మా అత్త సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాను. నా పెన్సిలు గీతలను ఆయన రెండుసార్లు చదివాడు.

"చూసినవాళ్లే నన్ను తిట్టుకున్నారమ్మా. చూడకుండా ఇష్టపడింది మీరొక్కరే. చివర ఏమవుతుందో చెప్పనా?"

"వద్దండి. మా అత్త అది తెలియకుండానే పోయింది. నాకూ వద్దు."

ఆయన ఆవిడ పేరు అడిగి, నా వాక్యం కింద రాసి, 'ఇదే బాగుంది' అని సంతకం చేశాడు. అలవాటు కొద్దీ దాన్ని తీసుకుని కళ్లకద్దుకున్నాను. ఆయన కంగారుపడి లేచి, "నాకెందుకమ్మా దణ్ణం!" అన్నాడు.

"మీకు కాదండి, పుస్తకానికి."

ఈసారి అందరికంటే ముందు ఆయనే నవ్వాడు.

బస్సులో మా తోడికోడలు ఫోను తీసి, "ఇదిగో అక్కా, చూసేయ్ ఇప్పుడైనా" అంది. వద్దని కిటికీ వైపు తిరిగాను. ఇన్నేళ్లలో కాలం ఆ పుస్తకం అంచులు తినేసింది గానీ, ఆ పెన్సిలు గీతను ముట్టలేదు. అందుకు దేవుడికి రుణపడి ఉన్నాను. ఇది చదివిన మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. ఈసారి మీరు ఏ పుస్తకం తెరిచినా, ఒక్క క్షణం ఆవిడను తలుచుకోండి. మా మేనత్త పేరు సుభద్రమ్మ.