గుండె బొమ్మ ఉప్పు

మద్రాసులో కిడ్నీ డాక్టర్లకే ఒక జబ్బుంది. క్రియాటినిన్ అనే మాట వాళ్ల నోట రాదు. అంటే పేషెంటుకు అర్థం కాదని వాళ్లకు వాళ్లే తీర్మానించుకుని, దాని బదులు ఉప్పు అంటారు. "రత్తత్తుల ఉప్పు ఏరిపోచ్చు" అంటారు. రక్తంలో ఉప్పు పెరిగిపోయిందని. మా ఆయనకూ అదే చెప్పారు. మేం తాతముత్తాతల నాటి నుంచీ ఈ ఊళ్లోనే ఉన్న తెలుగువాళ్లం, తమిళం మాకేం కొత్త కాదు. పైగా ఉప్పును రెండు భాషల్లోనూ ఉప్పే అంటారు. ఇక అర్థం కాకపోవడానికి ఏముంది? శుభ్రంగా తప్పుగా అర్థమయింది.

ఆ డాక్టరు చెప్పింది, పాడైన కిడ్నీలు వడగట్టలేక రక్తంలో వదిలేస్తున్న మలినం సంగతి. మేం విన్నది మా వంటింటి జాడీ సంగతి. ఉప్పు తగ్గించమని కూడా ఆయన విడిగా చెప్పాడు, బీపీ కోసం. మాకు రెండూ కలిసి ఒకటే ఉప్పయి కూర్చుంది. జాడీ అటక మీదికి ఎక్కించేస్తే రక్తంలో ఉప్పు దిగిపోతుందనుకున్నాం. దిగకపోతే వంట చేసినదాన్ని నేను కాబట్టి తప్పు నాదేనని మా ఆయన అనుకున్నాడు.

ఆయన పెరంబూరులో రైలుపెట్టెల కార్ఖానాలో వెల్డరుగా చేసి రిటైరయిన మనిషి. నిప్పురవ్వల్లో బతికిన వాడికి చప్పిడి రసం పెడితే ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. కంచం ముందు కూర్చుని ముద్దను అటూ ఇటూ దొర్లించేవాడు. "ఏమ్మే, జైల్లో గూడా ఇంతకంటే బాగ పెడతారు" అనేవాడు. "అయితే ఆడికే పో" అనేదాన్ని. "నీ నోటికి దణ్ణం" అని చేతులెత్తేవాడు. మా సంసారంలో ప్రతి గొడవా ఆ దణ్ణంతోనే ముగుస్తుంది.

ఇక మా వదిన. ఆయన అక్క, వాషర్‌మెన్‌పేట్‌లో ఉంటుంది. తమ్ముడంటే ప్రాణం, సలహాలంటే అంతకంటే ప్రాణం. ఒకనాడు చెమటలు కక్కుకుంటూ బస్సు దిగి వచ్చి, కొంగుచాటు నుంచి తళతళలాడే పొట్లం ఒకటి తీసింది.

"ఏమ్మే, నా తమ్ముణ్ణి ఉప్పు లేకుండా ఎండబెట్టి చంపేట్టుండావే. ఇదో, ఇది ఎయ్. బీపీ ఉండేవోళ్లంతా ఇదే తింటుండారంట. చూడు, పొట్లం మీద గుండె బొమ్మే ఏసుండాది."

"ఇదీ ఉప్పే గదా వదినా?"

"ఉప్పు కాదమ్మే, ఉప్పు మాదిరి."

ఆ మాటతో మా ఇంట్లో పండగొచ్చింది. చివర కాస్త చేదు తగిలినా ఆయన పట్టించుకోలేదు. సాంబారులో వేశాను, మజ్జిగలో వేశాను, చాలక ఆయన పైనుంచి చల్లుకున్నాడు. చాలాకాలానికి నవ్వుతూ తిన్నాడు. నేను కూడా ఇంతకాలానికి మా వదిన ఒక పనికొచ్చే పని చేసిందని మనసులో ఒప్పుకున్నాను. పైకి మాత్రం అనలేదు.

ఈలోగా ఆస్పత్రిలో ఏదో పరిశోధన మొదలయింది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు గుండె ఎందుకు పాడవుతుందో కనుక్కుంటారట. ఒప్పుకుంటే గుండె స్కాను ఊరికే తీస్తామన్నారు. కిడ్నీలు చెడితే సగంమంది కిడ్నీతో కాదు గుండెతోనే పోతారని ఆయన ఎవరి దగ్గరో విన్నాడు. ఆ భయం ఆయన్ని లోపల తొలిచేస్తోంది. రాత్రిళ్లు చెయ్యి గుండె మీద పెట్టుకుని పడుకునేవాడు. అడిగితే చలి అనేవాడు. మద్రాసులో చలి! ఆ భయం పోగొట్టడానికైనా పనికొస్తుందని నేనే చేర్పించాను.

తెలుగువాళ్ల కోసం ఒక పిల్లను పెట్టారు. పాపం, ఆంధ్రా నుంచి వచ్చిన డాక్టరమ్మాయి. చేతిలో పలక లాంటి టాబ్ ఒకటి. అందులో ఎవరు రాశారో, ఏ పండితుడి చేత రాయించారో, ఆ ప్రశ్నల్ని ఉన్నదున్నట్టు చదవాలట, ఒక్క ముక్క మార్చకూడదట.

"గత మాసములో మీ హృదయ ప్రదేశమునందు భారముగా అనిపించినదా?"

"అనిపించకేం మా," అన్నాడు మా ఆయన. "రిటైరయినకాడ్నించి బారంగానే ఉండాది. పొద్దుపోదు."

ఆ పిల్ల టిక్కు పెట్టేసింది. కార్ఖానా మీద బెంగ కూడా గుండెజబ్బు లెక్కలోకి వెళ్లిపోయింది.

"మీరు ఆహారమునందు లవణ ప్రత్యామ్నాయములను వినియోగించుచున్నారా?"

ఆయన నావైపు చూశాడు. నేను ఫ్యానువైపు చూశాను. ఆయన వెన్ను నిటారుగా పెట్టి, "అట్టాంటి దురలవాట్లేం మనకి లేవు మా" అన్నాడు. అమ్మాయి లేదు అని నొక్కి తర్వాతి ప్రశ్నకు పోయింది. బస్సులో ఇంటిదాకా నవ్వుతూనే వచ్చాను. లవణమట, ప్రత్యామ్నాయమట! పెళ్లిమంత్రాల్లో కూడా ఇంతకంటే తెలుగుంటుంది.

కొన్ని వారాలకు ఒక ఉదయం ఆయన పాలపాకెట్లకని కిందికి దిగాడు. ఎంతకీ పైకి రాలేదు. తొంగిచూస్తే మెట్టు మీద కూలబడి ఉన్నాడు. పాకెట్లు ఒళ్లోనే ఉన్నాయి.

"కాళ్లు నావి కాదమ్మే" అన్నాడు. గొంతు కూడా ఆయనది కాదు.

గుండె మీద చెయ్యి పెట్టి చూశాను. బ్యాటరీ అయిపోవచ్చిన గోడగడియారంలా ఒకసారి కొట్టుకుని, ఆగి, ఆలోచించి, మళ్లీ కొట్టుకుంటోంది. ఎదురింటివాళ్లు ఆటోలోకి ఎక్కించారు. దారిపొడవునా ఆయన తలను భుజం మీద పెట్టుకుని తిట్టాను. తిట్టడం ఆపితే పోతాడేమోనని భయమేసింది.

ఎమర్జెన్సీలో గుండెకు తీగలు తగిలించి, గీతలు చూసి, పరుగులు మొదలుపెట్టారు. పొటాషియం విపరీతంగా పెరిగిపోయిందన్నారు. అది పెరిగితే గుండె ఏ క్షణానైనా ఆగిపోవచ్చట. ఒక కుర్ర డాక్టరు నన్ను నిలబెట్టి తమిళంలో ప్రశ్నలు కురిపించాడు. కొబ్బరినీళ్లు తాగాడా? లేదు. అరటిపండ్లు? లేదు. నాటుమందు? లేదు. ఉప్పు?

"ఉప్పు మానేసి మాసాలయింది" అన్నాను. నాకు ఒళ్లు మండిపోతోంది. ఇంత నిష్ఠగా పెడుతుంటే ఇప్పుడు కూడా వంటనే అంటారేమిటి?

అప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చింది ఆ పలక పిల్ల. వాళ్ల పరిశోధనలో ఉన్న మనిషి ఆస్పత్రిలో చేరితే కబురు పెడతారట. నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, లవణ ప్రత్యా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. కంగారులో పండితుడి తెలుగు ఎగిరిపోయి, వాళ్లింటి తెలుగు బయటికొచ్చింది.

"ఉప్పు బదులు ఇంకేమైనా వేస్తున్నారా ఆంటీ, కూరల్లో?"

"వేస్తున్నాం గదమ్మా. ఉప్పు మాదిరిది. పొట్లం మీద గుండె బొమ్మ ఉంటుంది."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత అరిచింది, ఇంగ్లీషులో, లోపలున్నవాళ్లకి. ఆ పొట్లంలో మామూలు ఉప్పు తగ్గించి దాని బదులు కలిపేది పొటాషియమే. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఫరవాలేదు. మా ఆయన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, అది పోగుపడి గుండె మీద కూర్చుంది. అదీ సంగతి. సూదులు పొడిచారు, డయాలసిస్ పెట్టారు. సాయంత్రానికి ఆయన కళ్లు తెరిచి, కాఫీ ఉందా అన్నాడు.

మర్నాడు పెద్ద డాక్టరు తన మందను వెంటేసుకుని వచ్చాడు. మంచం పక్కన నిలబడి, చాలా మంచి కేసు, మన స్టడీకి బాగా పనికొస్తుంది అన్నాడు. మంచి కేసంట! మనిషి చచ్చి బతికితే మంచి కేసు, చచ్చిపోయి ఉంటే ఇంకెంత మంచి కేసో. గుండె లోపల ఏం జరుగుతోందో చూడ్డానికి అన్ని మెషీన్లు పెట్టారు, ఇంట్లో కూరలో ఏం పడుతోందో అడగడానికి ఒక్క మామూలు మాట దొరకలేదు. ఉప్పు అనాల్సిన చోట లవణమన్నారు. ఉప్పు అనకూడని చోట ఉప్పన్నారు. ఇదీ వీళ్ల చదువు. నేను ఇంత మాటా అనేశాను. మంద తలలు దించుకుంది. ఆ పిల్ల మాత్రం ఏడ్చింది, దాని మీద నాకు కోపం రాలేదు. మంచం మీది నుంచి మా ఆయన నీరసంగా చేతులెత్తి, "నీ నోటికి దణ్ణం" అన్నాడు.

వదిన వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నేను అందుకునేలోపే, "అమ్మే, గుండె బొమ్మ ఏసి గుండెని ఆపేది అమ్మతారా?" అంది. ముసలిదాని గడ్డం వణుకుతోంది. లోపలికి రా వదినా అన్నాను.

"ఏడవబాకక్కా," అన్నాడు ఆయన. "రుచి బాగనే ఉండింది."

ఇంటికొచ్చి నెల తిరిగాక చూపించుకోవడానికి వెళ్లాం. వరండాలో బెంచీ మీద మా పక్కనే రాయపురం నుంచి వచ్చిన తెలుగు జంట, చేపల పని చేసేవాళ్లు. అప్పుడే డాక్టరు గదిలోంచి బయటికొచ్చారు. ఆమె మొగుడికి నచ్చజెప్తోంది.

"రత్తంలో ఉప్పు ఎక్కవయిందంట. విన్నావు గదా. ఇంక ఎండుచేప లేదు, ఊరగాయ లేదు. కూరలోకి మా పిన్ని చెప్పింది, బొమ్మ ఏసిన ఉప్పు ఏందో ఉండాదంట, అది కొందాం."

నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "ఏ ఉప్పు ఎక్కువయిందో అడిగినావా మా?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఉప్పులో ఎన్ని ఉంటాయక్కా?"

ఆమె మొగుడు చెయ్యి గుండె మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. దణ్ణం పెడతాడనుకున్నాను. ఆయన నా చేతిలోని రిపోర్టుల సంచీ అందుకున్నాడు.

"పోమ్మే," అన్నాడు. "లోపలికి పొయ్యి అడుగు. గట్టిగా అడుగు."

టోకెన్ ఏదని నర్సు అరుస్తూనే ఉంది. ఆ రాయపురం ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను.